కొత్వాలు వెంకట రామారెడ్డి గారు

చదువుకొనవలసిన భాగము: నెహెమ్యా 1, 2 అధ్యాయములు



శంషాబాదు విమానాశ్రయమునకు కొలది దూరములో, హిమాయత్‌సాగర్ చెరువు దగ్గర, పోలీసు ఉద్యోగులకు శిక్షణ నిచ్చు అకాడమీ యొకటి గలదు. దానికి రాజా బహద్దూర్ వెంకట రామారెడ్డి గారి పేరు పెట్టియున్నారు. ఆ పేరు గలవాడు ఎవరని మా సంఘములోని యౌవనస్థులను అడుగగా, ఎవరో పెద్ద పోలీసు అధికారి అయి యుండునని చెప్పిరి. అది నిజమే. అయితే ఆయన చేసిన పనులలో మేము ఎక్కువగా తలంచునది పోలీసు పని కాదు. ఊరు విడిచి పట్టణమునకు చదువ వచ్చిన పిల్లలకు తలదాచుకొను చోటు చూపుట.

శంషాబాదు మీదుగా దక్షిణమునకు పోవు బాట పాలమూరు సీమకు పోవును. ఆ సీమలో, వనపర్తి ప్రాంతమందలి రాయణిపేటలో, 1869 ఆగస్టు 22న ఆయన జన్మించిరి. చిన్ననాడే తలిదండ్రులను పోగొట్టుకొని అమ్మమ్మ చేతులలో పెరిగిరి. వనపర్తి వీధిబడిలో కొంత చదివిన పిమ్మట, రాయచూరు వైపున పోలీసు ఉద్యోగములో నున్న మేనమామ ఆయనను చేరదీసెను. ఆ మేనమామయు మరణించెను. అప్పుడు మేనమామ స్నేహితుడైన నజర్ మహమ్మద్ ఖాన్ అను ముస్లిము అధికారి ఆ దిక్కులేని పిల్లవానిని విడిచిపెట్టక, 1886లో ముద్గల్లులో అమీను ఉద్యోగము ఇప్పించెను. అమీను అనగా నేటి సబ్ ఇన్‌స్పెక్టరు వంటి ఉద్యోగి. అప్పటికి ఆయన వయస్సు 17 సంవత్సరములు. బడి చదువు అంతటితో ముగిసెను. తెలుగు, ఉర్దూ, పారసీ, కన్నడము, మరాఠీ వచ్చును గాని, కళాశాల గడప తొక్కలేదు.

తాను పొందని దానిని ఇతరులు పొందునప్పుడు అసూయపడువారు గలరు. దానినే ఇతరులకు ఇయ్యవలెనని పాటుపడువారును గలరు. ఈయన రెండవ తెగవారు.

పోలీసు శాఖలో క్రమక్రమముగా పైకి వచ్చి, కొంతకాలము వనపర్తి సంస్థానములో పనిచేసి, తరువాత హైదరాబాదు నగర పోలీసు శాఖకు వచ్చిరి. 1920లో నగర కొత్వాలు అయిరి. కొత్వాలు అనగా నేటి పోలీసు కమీషనరు. నిజాముల యేలుబడిలో ఆ పదవి పొందిన మొదటి హిందువు ఆయనే అందురు. 1934 వరకు ఆ పదవిలో నుండిరి. పోలీసు అనగానే మన పల్లెలలో తలుపులు వేసికొనుట నేటికిని కలదు గాని, ఈ కొత్వాలు పేరును జనులు భయముతో కాక గౌరవముతో చెప్పుకొనిరి.

అయితే మేము చెప్పదలచినది కొత్వాలు కాకమునుపటి సంగతి. అది 1918వ సంవత్సరము. ఆ యేడే ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. నిజాము కళాశాల అంతకుముందే యుండెను. చదువు పట్టణములో నున్నది. పిల్లలు పల్లెలలో నున్నారు. పాలమూరు, నల్లగొండ, ఓరుగల్లు పల్లెల నుండి పిల్లవాడు పట్టణమునకు వచ్చినచో ఎక్కడ పండుకొనును? ఎవరి యింట తినును? బ్రాహ్మణ బాలురకు వారములు చేసికొని చదువుకొను ఆచారము కొంత ఆధారము. దినమున కొక యింట అన్నము పెట్టుదురు. తక్కిన వారికి అదియును లేదు. బుద్ధి కలిగియు, ఉండుటకు చోటు లేక మరల నాగలి పట్టినవారు ఎందరో!

దీనిని గూర్చి మేము ఊరక వ్రాయుట లేదు. కొన్నియేండ్ల క్రిందట మా సంఘములోని పిల్లవాడొకడు పట్టణములోని కళాశాలలో చేరెను. సంఘమంతయు ప్రార్థించి, కానుక పట్టి, రుసుము చెల్లించి సంతోషముగా పంపితిమి. దసరా సెలవులకు వచ్చినవాడు మరల పోలేదు. గది అద్దెకును భోజనమునకును డబ్బు లేక, సిగ్గుచేత ఎవరికిని చెప్పలేదట. రుసుము ఎంత అని అడిగితిమే గాని, నీవు ఎక్కడ తినెదవని మాలో ఒక్కరమును అడుగలేదు. గోపురము కట్టనారంభించి, ముగించుటకు చాలినంత యున్నదో లేదో లెక్క చూచుకొనని వానిని గూర్చి ప్రభువు చెప్పిన మాట ఆ దినమున మాకే తగిలెను.

వెంకట రామారెడ్డి గారు ఆ లెక్క మొదటనే చూచిరి. సంస్థాన ప్రభువులను, దేశముఖులను, ధనవంతులను అడిగి సొమ్ము కూర్చి, 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టలు స్థాపించిరి. పల్లె నుండి వచ్చిన పిల్లవానికి అచ్చట పడక, అన్నము, అడిగి చూచు పెద్ద దొరికిరి. తరువాత గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారు ఆ హాస్టలుకు కార్యదర్శిగా నుండి, అచ్చటి గ్రంథాలయమును పెంపొందించిరి. ఉర్దూ రాజ్యమేలుచున్న ఆ పట్టణములో పిల్లలు తెలుగు పుస్తకములు చేతబట్టి చదువుకొను చోటు అదియొకటి ఆయెను.

పారసీక రాజు నగరులో గిన్నె అందించు నెహెమ్యా, తన పితరుల పట్టణపు గోడలు పడియున్నవని విని, రాజు నొద్ద తనకున్న చనువును తన కొరకు కాక ఆ గోడల కొరకు వాడెను. ఈ అధికారియు పరాయి దర్బారులో తనకున్న పలుకుబడిని అట్లే వాడెనని మాకు తోచుచున్నది.

ఇచ్చట ఒక మాట దాచకుండ చెప్పవలెను. ఆ హాస్టలు పేరే ఒక కులము పేరు. అది మన వాడల పిల్లల కొరకు పుట్టినది కాదు. దానికి ధనమిచ్చిన దొరలలో పలువురి గడీలలో ఆ దినములలో వెట్టిచాకిరి నడచుచుండెను. ఆ వెట్టి చేసినవారు మన తాతలే. అదే పట్టణములో 1906 నుండి భాగ్యరెడ్డి వర్మ గారు అంటరానివారనబడిన వారి కొరకు సంఘములు కట్టి, పాఠశాలలు పెట్టి, 1939లో మరణించు వరకు కష్టపడిరి. ఆయనకు దేశముఖుల సొమ్ము లేదు. ఇద్దరి చరిత్రలను ప్రక్క ప్రక్కన పెట్టి చదువుట మంచిది. ఒకటి చదివి రెండవది విడిచినచో సగమే తెలియును.

అయినను విత్తినవాడు పంట యంతటిని తన యిష్టము చొప్పున నిర్ణయింపలేడు. ఆ హాస్టలులో నుండి చదువుకొనిన వారిలో భువనగిరి దగ్గరి బొల్లేపల్లి వాసియైన రావి నారాయణరెడ్డి గారొకరు. భూస్వాముల యింట పుట్టియు, ఆయన తన భూమిని పేదలకు పంచి, వెట్టికి విరోధముగా, నిజాము ప్రభుత్వమునకు విరోధముగా రైతుకూలీల ప్రక్కను నిలిచిరి. 1952 ఎన్నికలలో నల్లగొండ నుండి లోకసభకు గెలిచినప్పుడు, నెహ్రూ గారికంటె ఎక్కువ ఓట్లు ఆయనకు వచ్చెను. నిజాము కొలువులోని కొత్వాలు స్థాపించిన హాస్టలు నుండి అట్టివాడు బయలుదేరుట ఆశ్చర్యమే! కొత్వాలు గారు దీనికి సంతోషించిరో లేదో గాని, మేము మాత్రము సంతోషించుచున్నాము.

ఆడుపిల్లల చదువును ఆయన మరువలేదు. 1928లో మాడపాటి హనుమంతరావు గారు మొదలైన పెద్దలు తెలుగు బాలికల కొరకు పాఠశాల నెలకొల్పినప్పుడు, ఆడుపిల్లను బడికి పంపుట తప్పని తలంచువారే ఎక్కువ. అట్టి కాలమున కొత్వాలు గారు ఆ పనికి అండగా నిలిచిరి. పెద్ద అధికారి వెనుక నున్నాడని తెలిసినప్పుడు తండ్రులకు ధైర్యము కలుగును గదా. బాలికలకును ఒక వసతిగృహము ఏర్పడెను.

ఉద్యోగము విడిచిన తరువాతను ఆయన ఈ సంస్థల పనిని చూచుచునే యుండిరి. 1953 జనవరి 25న మరణించిరి. మరుసటి యేడు, 1954లో, ఆయన పేరట నారాయణగూడలో స్త్రీల కళాశాల తెరువబడెను. కళాశాల గడప తొక్కని ఆయన పేరు పట్టా కాగితముల మీద అచ్చుపడెను. పాలమూరు బాట వెంబడి పల్లెల నుండి వచ్చిన ఆడుపిల్లలు ఆ కాగితములను చేతబట్టుకొని ఇంటికి పోయిరి.