ప్రోగ్రాములకు సిగ్నల్ పెట్టిన డైక్‌స్ట్రా

ఈసారి నేను డైక్‌స్ట్రా గురించి రాస్తున్నాను. నా మీద నింద పోయిన రోజునే ఆయన పేరు మొదటిసారి విన్నాను.

ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1930 మే 11న నెదర్లాండ్స్ దేశంలో రోటర్‌డామ్‌లో పుట్టినాడు. తండ్రి కెమిస్ట్రీ టీచరు, తల్లి లెక్కలు చదివినామె. (మా ఇంట్లో బడికొచ్చింది నేనే మొదలు. మా యాడి పులివెందుల పక్క చీనీ తోటల్లో కూలికి పోతాది.) 1952లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రోగ్రాములు రాసే పనికి చేరినాడు. 1957లో పెళ్లి కాగితంలో ఆ పని పేరు రాస్తే, అట్లాంటి వృత్తే లేదని ఆఫీసువాళ్లు ఒప్పుకోలేదంట!

ఒకే యంత్రంలో చాలా పనులు కలిసి నడిస్తే ఒకదానికొకటి అడ్డమొస్తాయి. ఆ తప్పు ఒకసారి కనపడి మళ్లీ కనపడదు. ఆయనకు అదే భయం. అందుకే 1960లలో సెమాఫోర్ అనే ఉపాయం కనిపెట్టినాడు. అది రైలు సిగ్నల్ పేరే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా 2016లో మొదలైన ఎర్రగుంట్ల–నంద్యాల లైను చూడండి. ఒంటి పట్టాల మీద ఒక బండి వస్తుంటే ఎదురు బండి స్టేషన్లోనే ఆగాల. ప్రోగ్రాములకూ అంతే.

ఆగడం తప్పుగా కుదిరినా కష్టమే. హాస్టల్లో ఒకరి దగ్గర బకెట్టు, ఇంకొకరి దగ్గర చెంబు. ఇద్దరూ ఇవ్వరు. స్నానం ఇద్దరికీ లేదు.

మా ల్యాబ్‌లో ఒక కంప్యూటరు నల్ల తెర మీద ఒకే లైను దగ్గర నిలబడిపోయింది. ముందురోజు ఊడ్చింది నేను. వైరు కదిలించినానని నన్ను లోపలికి రావద్దన్నారు. రాత్రి అన్నం తినలేదు. మూడో రోజు ప్రొద్దుటూరు నుంచి మెకానిక్ అన్న వచ్చినాడు. కెర్నల్ అంటే కంప్యూటర్ లేవగానే పనులన్నీ పంచే ప్రోగ్రామంట. మొన్ననే కొత్తది వేసినారంట. దాంట్లో నాలుగు ప్రాసెసర్లకు బదులు ఒకటే లేవమని టైపు చేసినాడు. లేచింది! వైరు ఊడి ఉంటే ఒకటీ లేవదు కదా. మళ్లీ పాత కెర్నల్ పెడితే నాలుగూ లేచినాయి. కొత్తదాంట్లో నాలుగూ కలిసేచోటే ఎక్కడో బకెట్టు-చెంబు తగాదా ఉంటుందన్నాడు, డైక్‌స్ట్రా పేరు చెప్పినాడు.

ఆయన ఐండ్‌హోవెన్‌లో కొద్దిమందితో ఒక ఆపరేటింగ్ సిస్టం కట్టి, 1968లో దాని గురించి అచ్చు వేయించినాడు. గోడ కట్టినట్టు, కింది వరస సరిగా ఉందని చూసుకున్నాకే పై వరస. 1972లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 1984 నుంచి అమెరికాలో టెక్సాస్‌లో చదువు చెప్పినాడు. ఆశ్చర్యమేమంటే, కంప్యూటర్ల మీద రాసిన 1300కు పైగా వ్యాసాల్లో చాలా భాగం ఇంకుపెన్నుతో చేత్తో రాసి, జిరాక్సులు తీసి పంచినాడు, మన గోడపత్రిక మాదిరే. 2002 ఆగస్టు 6న చనిపోయినాడు.

మా కంప్యూటరు ఇప్పటికీ పాత కెర్నల్‌తోనే నడుస్తాంది. ఊడ్చేది నేనే.

— 9వ తరగతి విద్యార్థిని