వీరేశలింగము పంతులుగారి వ్రాతనియమము

మన నియోగి కులమున 1848వ సంవత్సరమున రాజమహేంద్రవరమునందు జన్మించిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు నూటికి మించిన గ్రంథములు రచించిరి. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. దగ్గు చిన్ననాటినుండియు బాధించెను. పగలెల్ల పాఠశాలలో ఉపాధ్యాయవృత్తి. ఇంతటి రచన యెట్లు సాగెనని విచారింపగా మాకు రెండు సాధనములు గోచరించినవి.

మొదటిది పత్రిక. 1874లో వివేకవర్ధనిని స్థాపించి, పిమ్మట స్వస్థలముననే ముద్రాశాల నెలకొల్పిరి. పత్రిక వెలువడవలసిన దినము సమీపించినపుడు కలము నిలుచుటకు వీలులేదు. రాజశేఖర చరిత్రము 1878 నుండి అందే భాగములుగా వెలువడి, 1880లో పుస్తకమయ్యెను.

రెండవది సులభశైలి. యౌవనమున పెదవులు తగులని అక్షరములతో అచ్చతెనుగు నైషధము రచించిన వారే, జనులకు తెలియుటయే ముఖ్యమని యెంచి, ఆ ప్రౌఢిని విడిచి తేటవచనమును చేపట్టిరి.

1881లో వితంతు వివాహము జరిపించినందుకు మన పెద్దలే పలువురు వారిని వెలిగా చూచిరి. అయినను వ్రాత ఆగలేదు. 1919లో చెన్నపురియందు, కొమర్రాజు లక్ష్మణరావుగారి గృహమున, కవుల చరిత్రమును సంస్కరించు పనిలో నుండగానే అస్తమించిరి.

నాడు వెలిగా చూచిన మనమే నేడు వారి పటమునకు పూలదండ వేయుచున్నాము. దండకన్న దినమునకొక పుట వ్రాయుటయే వారికి తగిన పూజయని మన యువకులకు మా మనవి.