గుంపెయ్ యొకోయ్

గుంపెయ్ యొకోయ్ (సెప్టెంబరు 10, 1941 - అక్టోబరు 4, 1997) జపాను దేశానికి చెందిన ఆటవస్తువుల రూపకర్త. ఈయన నాయకత్వంలోని బృందమే గేమ్ బాయ్‌ను సృష్టించింది. క్యోటోలో జన్మించి, దోషిషా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్సు చదివి, 1965లో నింటెండోలో చేరాడు. అప్పట్లో అది ప్రధానంగా పేకముక్కల సంస్థ. అక్కడి యంత్రాల మరమ్మతు ఈయన పని. తీరిక వేళ సరదాకు చేసుకున్న, సాగే చేతి బొమ్మ సంస్థ అధ్యక్షుడు హిరోషి యమౌచి కంటబడింది. అదే 1966లో అల్ట్రా హ్యాండ్ పేరుతో విడుదలై పది లక్షలకు పైగా అమ్ముడైంది.

పాతబడి చౌకైన సాంకేతికతను కొత్త పనికి వాడుకోవాలన్నది ఈయన సిద్ధాంతం. 1989లో వచ్చిన గేమ్ బాయ్ తెరకు రంగులు లేవు, వెనుక వెలుగూ లేదు. రంగుల తెరలున్న అటారి లింక్స్, సెగా గేమ్ గేర్‌లు ఆరేసి పెన్సిల్ బ్యాటరీలను కొద్ది గంటల్లోనే హరించేవి. గేమ్ బాయ్ మాత్రం నాలుగింటితోనే పది గంటలకు పైగా నడిచేది. ధరా తక్కువే, పైగా టెట్రిస్ వంటి ఆటకు రంగులతో పెద్దగా పనిలేదు. 2003 వరకు ఉత్పత్తి సాగిన ఈ యంత్రం, గేమ్ బాయ్ కలర్‌తో కలిపి, 11.8 కోట్లకు పైగా అమ్ముడైంది.

1995 నాటి వర్చువల్ బాయ్ ఘోరంగా విఫలమైంది. 1996లో నింటెండోను వీడి కోటో అనే సంస్థను స్థాపించిన యొకోయ్, మరుసటి సంవత్సరమే రోడ్డు ప్రమాదంలో మరణించాడు. ఈయన రూపకల్పనలో పాలుపంచుకున్న బందాయ్ వారి వండర్‌స్వాన్ 1999లో వెలువడింది. అదీ రంగులు లేని తెరతో, ఒకే ఒక్క పెన్సిల్ బ్యాటరీతో నడిచే యంత్రమే.