పేరు దాచుకొన్న మహోపకారి: బిల్ విల్సన్

నిష్కళంకంగా జీవించిన మహనీయుల చరిత్రలు మనకు పూజనీయాలు. పడి లేచినవారి చరిత్రలు అంతకంటె మనకు చేరువైనవి. అట్టివారిలో అమెరికా దేశస్థుడు విలియం గ్రిఫిత్ విల్సన్ ఒకడు. లోకం ఆయనను బిల్ విల్సన్ అని పిలిచింది.

నౌపడ ఉప్పుమళ్లలో పగలంతా ఎండకు మాడి సంపాదించిన కూలి ఇల్లు చేరకముందే మద్యానికి కరిగిపోయిన సంసారాలు మనం ఎరుగనివి కావు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారు. 1995లో మన రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. అమెరికాలోనూ 1920 నుండి 1933 వరకు మద్యనిషేధం అమలులో ఉండేది. బిల్ విల్సన్ తాగుడుకు పూర్తిగా బానిసైనది ఆ నిషేధకాలంలోనే! దుకాణం మూయడం ఒక ఎత్తు, మనిషిని మాన్పించడం మరొక ఎత్తు. ఈ రెండవ పని ఎట్లా సాధ్యమో ఆయన జీవితం తెలుపుతుంది.

ఆయన 1895 నవంబరు 26న వెర్మాంట్ రాష్ట్రంలోని ఈస్ట్ డార్సెట్ గ్రామంలో జన్మించాడు. పదేళ్ల ప్రాయంలో తండ్రి ఇల్లు విడిచాడు. తల్లి వైద్యవిద్యకై బోస్టన్ నగరానికి వెళ్లింది. అమ్మమ్మ, తాతగార్లే ఆ బాలుని పెంచారు. విసిరితే తిరిగివచ్చే బూమరాంగ్‌ను ఆస్ట్రేలియావారు తప్ప ఇతరులు చేయలేరని తాత అన్నాడట. ఆ బాలుడు నెలల తరబడి చెక్కలు చెక్కి, చేసి చూపించాడు. పట్టుదలతో దేనినైనా జయింపవచ్చునన్న నమ్మకం అతనిలో నాటుకొన్నది. మద్యం ముందు ఆ నమ్మకమే వమ్మయింది.

1917లో యువ సైనికాధికారిగా ఒక విందులో బిడియం పోగొట్టుకోవడానికి ఆయన తొలి పాత్ర అందుకొన్నాడు. 1918 జనవరి 24న లోయిస్‌ను వివాహమాడాడు. యుద్ధానంతరం న్యూయార్కు వాటాల విపణిలో ధనం గడించాడు. 1929లో ఆ విపణి కూలడంతో సర్వం పోయింది. భార్య దుకాణంలో కొలువు చేసి ఇల్లు నడిపింది. ఇక తాగనని ఇంటి బైబిలులో పలుమార్లు రాసి సంతకం చేశాడు. ఏ ప్రమాణమూ నిలువలేదు. ఇది నీతిలోపం కాదు, వ్యాధి అని డాక్టర్ సిల్క్‌వర్త్ ఆయనకు బోధపరచాడు. 1934 నవంబరులో, ఒకనాటి తాగుడు మిత్రుడు ఎబ్బీ థాచర్ తేరుకొన్న మనిషిగా ఇంటికి వచ్చి, దైవాన్ని ఆశ్రయించి తాను మానిన విధం వివరించాడు. డిసెంబరులో ఆసుపత్రిలో చేరిన బిల్ మరల మద్యం ముట్టలేదు.

తరువాత కొన్ని నెలలపాటు ఎందరో తాగుబోతులకు ఆయన హితబోధ చేశాడు. ఒక్కరూ మారలేదు. మారకుండా నిలిచినవాడు ఆయన ఒక్కడే!

1935 మే నెలలో వ్యాపారం పనిమీద ఏక్రన్ పట్టణానికి వెళ్లి, అది విఫలం కాగా, చేతిలో పైకం లేక, హోటలు వసారాలో ఒంటరిగా నిలిచాడు. ఒకప్రక్క పానశాల సందడి, మరొకప్రక్క టెలిఫోను. ఆయన టెలిఫోను వైపు నడిచాడు. చర్చీల పట్టీ చూసి ఒక మతగురువును పిలిచి, తనవంటి తాగుబోతును ఎవరినైనా చూపమని అర్థించాడు. ఆ విచారణ చివరకు డాక్టర్ రాబర్ట్ స్మిత్ అనే శస్త్రవైద్యుని వద్దకు చేర్చింది. పదిహేను నిమిషాలకు మించి కూర్చోనన్న ఆ వైద్యుడు ఆరు గంటలు కూర్చున్నాడు. బిల్ ఉపదేశించలేదు, తన కథ చెప్పుకొన్నాడు. ఎదుటివాని కంటె తనకే ఈ కలయిక అవసరమని ఆయనకు నాడు తెలిసింది. అదే సంవత్సరం జూన్ 10న స్మిత్ చివరిసారి తాగాడు. ఆ దినమే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంస్థ పుట్టినరోజుగా పరిగణింపబడుతున్నది.

ఈ సంస్థ సమావేశాలకు రుసుము లేదు. ఇంటిపేరు చెప్పనక్కరలేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఒకరు తమ గతం చెప్పుకొంటారు, మిగిలినవారు వింటారు. జీవితాంతం అనే భారం మోయక, ఈ ఒక్కరోజు తాగకుండా గడపడమే వారి నియమం. 1939లో వెలువడిన గ్రంథంలో బిల్ పన్నెండు సోపానాలను వివరించాడు. బాధితుల కుటుంబాలవారి కొరకు లోయిస్ 1951లో అలనాన్ సంఘాన్ని నెలకొల్పింది. ఇదే కోవలో పిల్లలకు అలటీన్ ఏర్పడింది.

1954లో యేల్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇవ్వజూపగా, అజ్ఞాత నియమానికి భంగమని ఆయన నిరాకరించాడు. ఆయన దోషరహితుడు కాడు. పొగతాగడం మానలేక, ఊపిరితిత్తుల వ్యాధితో 1971 జనవరి 24న, తన పెండ్లిరోజునే కన్నుమూశాడు.

విద్యార్థులారా! ఇస్లాంలో మద్యం నిషిద్ధం. నిషేధమున్న ఇంట ఈ వ్యాధి సిగ్గుచాటున మరింత దాగుతుంది. తండ్రి అడుగుల చప్పుడుకు దీపమార్పి పడుకొనే పిల్లలు మన తరగతులలో ఉండవచ్చును. వారి తప్పు ఏమియు లేదు. ఈ సమావేశాలు విశాఖపట్నం, హైదరాబాదు వంటి నగరాలలో జరుగుతున్నవి. నౌపడ స్టేషనులో రైలెక్కితే విశాఖ దూరం కాదు. అయినవారిని నిందించి తరుమక, తోడు వెళ్లి ఆ తలుపు తట్టండి. అంతవరకు సాటివాని బాధ వినే చెవి ఒకటి మన వద్ద ఉండనే ఉన్నది. బిల్ విల్సన్ ఆనాడు టెలిఫోనులో వెదకినది దానినే.