గుడ్డుకు ధర కట్టిన మనిషి: డాక్టర్ బి.వి. రావు



తల్లిదండ్రుల సమావేశాల్లో మేము తరచూ వినే ప్రశ్న ఒకటుంది. "మా వాడికి లెక్కలు అంతంతమాత్రమే సార్, రేపు ఏమై బతుకుతాడు?" అని అడుగుతారు. ఇంజనీరు, డాక్టరు తప్ప వేరే దారి లేదన్న భయం ఆ ప్రశ్నలో కనిపిస్తుంది. అందుకే ఈ నెల, కోళ్ల పెంపకాన్ని వృత్తిగా ఎంచుకుని దేశం మొత్తం గుర్తుపెట్టుకునే పని చేసిన ఒక తెలుగువాడి జీవితాన్ని మీ ముందు ఉంచుతున్నాం.

ఆయన పేరు బండా వాసుదేవరావు. కోళ్ల రైతులందరికీ డాక్టర్ బి.వి. రావుగా తెలుసు. భారతదేశ ఆధునిక పౌల్ట్రీ పరిశ్రమకు పితామహుడని ఆయనను పిలుస్తారు.

ఆయన పని మొదలుపెట్టే నాటికి మన ఊళ్లలో కోళ్లంటే పెరట్లో తిరిగే నాటుకోళ్లే. గింజలు ఏరుకుని తింటూ, ఏడాదికి యాభై అరవై గుడ్లు పెట్టేవి. ఇంట్లో ఆడవాళ్లు చిల్లర ఖర్చులకు చూసుకునే పని అది. చదువుకున్న అబ్బాయి కోళ్లు పెంచుతానంటే ఊరంతా నవ్వే కాలం. అలాంటి రోజుల్లో వాసుదేవరావు హైదరాబాద్ ప్రాంతంలో చిన్న కోళ్ల ఫారంతో ఈ రంగంలోకి దిగారు.

కోళ్ల ఫారం నడపడమంటే దాణా చల్లి గుడ్లు ఏరుకోవడం కాదు. ఒక్కరోజు పిల్లలను తెచ్చిన వారం రోజులూ షెడ్డులో 35 డిగ్రీల దాకా వెచ్చదనం ఉండాలి. కొక్కెర రోగానికి టీకాలు వేళకు వేయాలి. ఒక్క టీకా తప్పితే షెడ్డుకు షెడ్డే ఖాళీ అవుతుంది. మొత్తం ఖర్చులో మూడింట రెండు వంతులు దాణాకే పోతుంది కాబట్టి మొక్కజొన్న ధర రోజూ చూసుకోవాలి. మన పత్తికొండ వైపు ఎండాకాలంలో అయితే రేకుల మీద నీళ్లు చల్లించాలి, తాగే నీరు చల్లగా ఉంచాలి. వేడికి కోడి మేత తగ్గిస్తుంది, మేత తగ్గితే గుడ్డు తగ్గుతుంది. జీవశాస్త్రం, లెక్కలు, వాతావరణం, వ్యాపారం అన్నీ కలిసిన పని ఇది. రావుగారు ఈ సంగతిని అందరికంటే ముందే పట్టుకున్నారు.

1971లో ఆయన వెంకటేశ్వర హేచరీస్ స్థాపించారు. రైతుకు మంచి కోడిపిల్ల దొరకడమే మొదటి అవసరమని ఆయన నమ్మకం. అమెరికాకు చెందిన బాబ్‌కాక్ జాతి గుడ్ల కోళ్లను, కాబ్ జాతి మాంసపు కోళ్లను తెచ్చారు. తర్వాత వాటి మీద ఇక్కడే పరిశోధన చేయించి, మన ఎండలకు, మన దాణాకు తట్టుకునే రకాలను తయారు చేయించారు. ఈనాడు షెడ్లలో కనిపించే బి.వి.300 అనే కోడి అలా వచ్చిందే. అది ఏడాదికి సుమారు 300 గుడ్లు పెడుతుంది. టీకాలు, మందులు, దాణా, శిక్షణ ఇలా పౌల్ట్రీకి కావలసిన ఒక్కొక్కటీ ఆ సంస్థల కిందికి వచ్చింది. వెంకీస్ పేరు విననివారు ఇప్పుడు తక్కువ.

అయితే ఆయన పేరు నిలబడింది కోడిపిల్లలు అమ్మినందుకు మాత్రమే కాదు.

టమాటా పండించే పత్తికొండ రైతుకు ఈ బాధ వేరే చెప్పనక్కర్లేదు. పంట బాగా వచ్చిన ఏడాదే ధర పడిపోతుంది. మార్కెట్ యార్డుకు తెచ్చిన గంపలు కూలి ఖర్చుకు కూడా చాలక రోడ్డు పక్కన పారబోసిన రోజులు మన పిల్లలూ చూశారు. 1980ల మొదట్లో గుడ్ల రైతులదీ అదే గతి. గుడ్డు నిల్వ ఉండదు, కోడి గుడ్డు పెట్టడం ఆపదు. పెద్ద నగరాల్లోని వ్యాపారులు చెప్పిందే ధర. పెట్టుబడి కంటే తక్కువకు అమ్ముకుని, అప్పుల పాలై ఫారాలు మూసేసినవాళ్లు ఎందరో.

రావుగారు తలుచుకుంటే తన వ్యాపారం తాను చూసుకోవచ్చు. కానీ రైతు మునిగితే కోడిపిల్లలు కొనేవాడే ఉండడని ఆయనకు తెలుసు. ఊరూరా తిరిగి, రైతులను కూర్చోబెట్టి, గుడ్డు మనది కాబట్టి ధర కూడా మనమే చెప్పాలని ఒప్పించారు. అలా 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సమితి ఏర్పడింది. నెక్ అని మనం పిలిచేది దాన్నే. అది రైతులు స్వచ్ఛందంగా కలిసి నడుపుకునే సంఘం. ప్రాంతాల వారీగా రోజూ గుడ్డు ధర ప్రకటిస్తుంది. ధర మరీ పడిపోయినప్పుడు గుడ్లు కొని శీతల గిడ్డంగుల్లో పెట్టి, మార్కెట్‌ను నిలబెట్టే ప్రయత్నం చేసింది. ఆదివారమైనా సోమవారమైనా రోజూ గుడ్డు తినమని టీవీలో వచ్చిన ప్రకటన మీకు గుర్తుండే ఉంటుంది. అదీ ఈ సమితిదే.

ఈ ఏర్పాటుతో కష్టాలన్నీ తీరిపోలేదు. మొక్కజొన్న ధర పెరిగినా, పక్షి జ్వరం వచ్చినా రైతు ఇప్పటికీ నష్టపోతాడు. కానీ ఈరోజు గుడ్డు ధర ఎంతో తెల్లవారేసరికి రైతుకు తెలుస్తోంది. టమాటా రైతుకు ఇంకా దక్కని సౌకర్యం అది.

1990లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించింది. 1996లో ఆయన కన్నుమూశారు. ఆ తర్వాత ఆయన కుమార్తె అనురాధా దేశాయ్ సంస్థల బాధ్యత తీసుకున్నారు. పుణె దగ్గర ఆయన పేరుతోనే నడిచే పౌల్ట్రీ శిక్షణ సంస్థ ఈనాటికీ ఫారం మేనేజర్లను తయారుచేస్తోంది.

మన పిల్లలకు దారులు ఇంకా దగ్గరలోనే ఉన్నాయి. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, దాని కళాశాల ఒకటి మన కడప జిల్లా ప్రొద్దుటూరులో ఉంది. పదో తరగతి తర్వాత చేరగలిగే రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమాలూ ఉన్నాయి. హేచరీలు, దాణా మిల్లులు, టీకా సంస్థలు, పెద్ద ఫారాలు అన్నింటికీ పని తెలిసిన మనుషులు కావాలి.

ఈ ఆదివారం గుడ్డు కూర వండినప్పుడు మీ బిడ్డను ఒక చిన్న పని చేయమనండి. దుకాణంలో ఆ గుడ్డు ఎంతకు కొన్నారో, ఆ రోజు రైతు ధర ఎంత ప్రకటించారో కనుక్కుని, తేడా ఎందుకు వచ్చిందో లెక్క రాయమనండి. లెక్కలు అంతంతమాత్రమే అనుకున్న పిల్లవాడు ఆ కాగితం మీద ఏం రాస్తాడో మీరూ చూడండి.