సూరి భగవంతం

సూరి భగవంతం (అక్టోబర్ 14, 1909 - ఫిబ్రవరి 6, 1989) సుప్రసిద్ధ భౌతిక శాస్త్రవేత్త, విద్యావేత్త. స్ఫటికాల సౌష్ఠవాన్ని బట్టి వాటి ధర్మాలను గణించే పద్ధతిని అభివృద్ధి చేసి, దానిని అయస్కాంత పదార్థాలకు విస్తరించిన వారిలో ఇతడు ఒకడు.

జననం, విద్య

భగవంతం కృష్ణా జిల్లా (ప్రస్తుతం ఏలూరు జిల్లా) ఆగిరిపల్లిలో జన్మించాడు. హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టభద్రుడై, 1928లో కలకత్తా వెళ్ళి సి.వి.రామన్ వద్ద పరిశోధకుడిగా చేరాడు. కాంతికణానికి స్పిన్ కలదని తెలిపే ప్రయోగ ఫలితాలను వీరిరువురూ 1931లో ప్రకటించారు.

పరిశోధనలు

1932లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరాడు. ఒత్తిడికి లోనైన స్ఫటికంలో కాంతి ప్రసారం మారే తీరును కొన్ని స్థిరాంకాలు తెలుపుతాయి. ఘనాకృతి వర్గపు స్ఫటికాలన్నింటికీ మూడు స్థిరాంకాలు చాలునన్న పోకెల్స్ పట్టిక అప్పటికి ప్రమాణంగా ఉండేది. ఆ వర్గంలోని రెండు తరగతులకు నాలుగు అవసరమని భగవంతం 1942లో గ్రూపు సిద్ధాంతంతో నిరూపించాడు. టి.వెంకటరాయుడుతో కలసి ఈ సిద్ధాంతంపై వ్రాసిన ఆంగ్ల గ్రంథం 1948లో వెలువడింది.

సాధారణ స్ఫటికాలు 32 తరగతులు. పరమాణువుల స్పిన్ దిశలను కూడా లెక్కలోకి తీసుకుంటే అయస్కాంత క్రమం గల తరగతులు 90 అవుతాయి. 1960వ దశకంలో పి.వి.పంతులుతో కలసి భగవంతం ఈ తరగతుల భౌతిక ధర్మాలను పరిశీలించాడు. 1966లో వచ్చిన ఇతని గ్రంథం స్ఫటిక సౌష్ఠవానికి, భౌతిక ధర్మాలకు గల సంబంధాన్ని వివరిస్తుంది.

స్పిన్ తరంగాలతో సంబంధం

అయస్కాంత పదార్థంలో ఒక పరమాణువు స్పిన్ చలిస్తే, ఆ కదలిక పొరుగు పరమాణువులకు అలవలె వ్యాపిస్తుంది. దీనినే స్పిన్ తరంగం అంటారు. 1930లో బ్లాఖ్ దీనిని ప్రతిపాదించాడు. ఐరన్ ఫ్లోరైడ్ స్ఫటికంలో ఈ తరంగాల వలన కలిగే రామన్ పరిక్షేపణాన్ని 1966లో అమెరికాలో గుర్తించారు. ఏ తరంగం కాంతి ద్వారా కనిపిస్తుందో, ఏది కనిపించదో నిర్ణయించేది అయస్కాంత సౌష్ఠవమే. కనుక భగవంతం కృషి చేసిన గణిత మార్గం నేటి క్వాంటం అయస్కాంత పదార్థాల అధ్యయనానికీ పునాదిగా నిలుస్తున్నది.

పదవులు

1949లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరి, 1952 నుండి 1957 వరకు ఉపకులపతిగా పనిచేశాడు. 1957-62లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు సంచాలకుడు. 1961 నుండి 1969 వరకు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా వ్యవహరించాడు.