వెన్ను విరిగినవారికి బతుకు చూపిన వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్

1917లో జర్మనీలోని సైలీషియా ప్రాంతంలో, గని కార్మికుల ఆసుపత్రికి ఒక యువకుణ్ని మోసుకొచ్చారు. బొగ్గుగనిలో పనిచేసే దృఢకాయుడు. వెన్నెముక విరగడంతో నడుము కింద స్పర్శ, చలనం రెండూ పోయాయి. అక్కడ సహాయకుడిగా చేరిన, 18 ఏళ్లు నిండీ నిండని కుర్రవాడొకడు ఆ రోగి వివరాలు రాసుకోబోయాడు. అంత శ్రమ అనవసరమనీ, అతడు కొన్ని వారాలకు మించి బతకడనీ వైద్యులు చెప్పారు. వారు చెప్పినట్టే ఐదు వారాలకు అతడు మరణించాడు. ఆ కుర్రవాడి పేరు లుడ్విగ్ గుట్‌మన్. వైద్యులు ఆశ వదులుకున్న ఆ మరణాన్ని ఆయన జీవితాంతం మరువలేదు.

గుట్‌మన్ 1899 జులై 3న టోస్ట్ అనే ఊళ్లో యూదు కుటుంబంలో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. 1924లో వైద్యపట్టా పొందారు. అనంతరం బ్రెస్లావ్ నగరంలో ప్రఖ్యాత నాడీవైద్యుడు ఆట్‌ఫ్రీడ్ ఫర్‌స్టర్ వద్ద శిష్యరికం చేశారు. ఏ వెన్ను నాడి చర్మంలోని ఏ భాగానికి స్పర్శజ్ఞానం ఇస్తుందో పటం గీసి చూపిన పరిశోధకుల్లో ఫర్‌స్టర్ అగ్రగణ్యుడు.

తెగిన దారి

వెన్నుపాము నుంచి 31 జతల నాడులు బయలుదేరుతాయి. మెడ వద్ద 8, ఛాతీ భాగంలో 12, నడుము వద్ద 5, త్రికాస్థి వద్ద 5, చివరన ఒక జత ఉంటాయి. శరీరం నుంచి మెదడుకు వెళ్లే స్పర్శ, నొప్పి సంకేతాలైనా, మెదడు నుంచి కండరాలకు వచ్చే ఆజ్ఞలైనా ఈ దారినే సాగాలి. అందుకే గాయం ఎక్కడ తగిలిందన్నదే బాధితుడి భవితవ్యాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. మెడ వద్ద దెబ్బ తగిలితే కాళ్లతోపాటు చేతులు కూడా చచ్చుబడవచ్చు. మరీ పైభాగంలో తగిలితే ఊపిరి తీసుకోవడమే కష్టమవుతుంది. ఛాతీ భాగంలో తగిలితే చేతులు మిగులుతాయి, కాళ్లు పోతాయి. మలమూత్రాలపై అదుపు చాలా సందర్భాల్లో తప్పుతుంది.

అయితే గుట్‌మన్ కాలంలో ఈ రోగుల ప్రాణాలు తీసినది ఎక్కువగా ఆ గాయం కాదు, దాని వెంట వచ్చే ఉపద్రవాలు. ఆరోగ్యవంతుడు నిద్రలోనూ తెలియకుండానే పక్కకు ఒత్తిగిలుతాడు. ఒత్తిడి కలిగించే బాధ మెదడుకు చేరని రోగి మాత్రం ఉన్నచోటనే ఉండిపోతాడు. ఎముకల మీది చర్మానికి రక్తం అందక పుండ్లు పడతాయి. మూత్రకోశం ఖాళీ కాక ఇన్ఫెక్షన్ మొదలై మూత్రపిండాలకు పాకుతుంది. చివరికి రక్తం విషమయమవుతుంది. ఈ రెండింటినీ ఆపగలిగితే రోగి బతుకుతాడన్నది గుట్‌మన్ తర్కం. దాన్ని రుజువు చేసే అవకాశం కోసం ఆయన చాలాకాలం వేచి ఉండవలసి వచ్చింది.

నాజీల నీడలో

1933లో హిట్లర్ అధికారంలోకి రాగానే యూదు వైద్యులను ప్రభుత్వ ఆసుపత్రుల నుంచి తొలగించారు. గుట్‌మన్ బ్రెస్లావ్‌లోని యూదుల ఆసుపత్రికి మారి, 1937లో దానికి వైద్య సంచాలకులయ్యారు. 1938 నవంబరు 9 రాత్రి యూదులపై దేశవ్యాప్తంగా దాడులు జరిగినప్పుడు, తలుపు తట్టిన వారందరినీ ప్రశ్నించకుండా చేర్చుకోవాలని సిబ్బందిని ఆదేశించారు. మర్నాడు రహస్య పోలీసులు వచ్చి ఒక్కొక్క పడక వద్ద నిలబడి ఆరా తీశారు. గుట్‌మన్ ప్రతి ఒక్కరికీ ఏదో ఒక వ్యాధి పేరు చెప్పి సమర్థించుకున్నారు. చేరిన 64 మందిలో 60 మంది నిర్బంధం తప్పించుకున్నారు.

పోర్చుగల్ పాలకుడు సలజార్ స్నేహితుడికి చికిత్స చేసేందుకు నాజీ ప్రభుత్వమే ఆయనను అక్కడికి పంపింది. తిరుగు ప్రయాణంలో లండన్‌లో ఆగినప్పుడు వలసకు మార్గం దొరికింది. 1939 మార్చిలో భార్య, ఇద్దరు పిల్లలతో ఇంగ్లండ్ చేరి ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేపట్టారు.

రెండు గంటలకొకసారి

యుద్ధం ముదిరింది. ఐరోపాపై దండయాత్రకు మిత్రరాజ్యాలు సన్నద్ధమవుతున్నాయి. వెన్ను గాయాలతో వచ్చే సైనికుల కోసం స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో ప్రత్యేక కేంద్రం నెలకొల్పమని బ్రిటిష్ ప్రభుత్వం గుట్‌మన్‌ను కోరింది. తన పద్ధతిలో పనిచేయనిస్తేనే వస్తానన్న షరతుపై ఆయన అంగీకరించారు. 1944 ఫిబ్రవరి 1న కేంద్రం ప్రారంభమైంది.

అప్పటివరకు ఇలాంటి రోగులను ప్లాస్టర్ కట్లలో బిగించి పడుకోబెట్టేవారు. దానివల్ల పుండ్లు మరింత పెరిగేవి. గుట్‌మన్ ఆ కట్లు తీయించారు. పగలూ రాత్రీ రెండు గంటలకొకసారి ప్రతి రోగినీ పక్కకు తిప్పాలని నియమం పెట్టారు. మూత్రకోశాన్ని ఎప్పటికప్పుడు శుభ్రంగా ఖాళీ చేయించారు. ఇందులో ఖరీదైన యంత్రమేదీ లేదు. కావలసిందల్లా మనుషులు, క్రమశిక్షణ. రోగులు ఆయనకు భయపడేవారు, అయినా తండ్రిని పిలిచినట్టే పిలిచేవారు.

చికిత్సతోపాటు పరిశోధన కూడా సాగింది. వెన్నుపాము తెగిన వెంటనే గాయం దిగువన ప్రతీకార చర్యలన్నీ ఆగిపోతాయి. కొన్ని వారాల తరువాత అవి తిరిగి మేల్కొంటాయి, కొన్నిసార్లు మితిమీరుతాయి. కాలు ఎగిరిపడితే కుటుంబసభ్యులు నడక వస్తోందని ఆశపడతారు. కానీ అది వెన్నుపాము తనంతట తాను ఇచ్చే స్పందన మాత్రమే, అందులో మెదడు ప్రమేయం లేదు. శరీరధర్మ శాస్త్రవేత్త డేవిడ్ విటరిడ్జ్‌తో కలిసి 1947లో గుట్‌మన్ ప్రచురించిన అధ్యయనం ఇంకా ప్రమాదకరమైన ఒక ప్రతీకార చర్యను వివరించింది. ఛాతీ పైభాగంలోనో మెడ వద్దనో గాయమైన రోగికి మూత్రకోశం నిండితే, కింది రక్తనాళాలు ఒక్కసారిగా సంకోచించి రక్తపోటు విపరీతంగా పెరుగుతుంది. తల పగిలిపోతున్నంత నొప్పి, చెమటలు. దాన్ని తగ్గించమని మెదడు పంపే సంకేతం గాయాన్ని దాటి కిందికి పోలేదు. మూత్రకోశాన్ని ఖాళీ చేస్తే ఆ ఉపద్రవం శాంతిస్తుంది. కారణం తెలియక ఆలస్యం చేస్తే ప్రాణాపాయం.

విల్లు పట్టిన చేతులు

ప్రాణం నిలిచాక బతుకు మాటేమిటి? పడకకే అంకితమైన జీవితాన్ని గుట్‌మన్ విజయంగా ఒప్పుకోలేదు. రోగులకు వృత్తిపనులు నేర్పించారు. ఆటలను చికిత్సలో భాగం చేశారు. విలువిద్య భుజాలను, వీపును బలపరుస్తుంది, కూర్చునే నిలకడనూ ఇస్తుంది. పైగా చక్రాల కుర్చీలోని విలుకాడు నిలబడి ఆడేవాడితో సమానంగా పోటీపడగలడు.

1948 జులై 29న లండన్‌లో ఒలింపిక్స్ ఆరంభమైన రోజునే, స్టోక్ మాండెవిల్‌లో 16 మంది విలువిద్య పోటీలో పాల్గొన్నారు. వారిలో ఇద్దరు మహిళలు. 1952లో నెదర్లాండ్స్ క్రీడాకారుల రాకతో అది అంతర్జాతీయమైంది. 1960లో రోమ్‌లో 23 దేశాల నుంచి సుమారు 400 మంది తరలివచ్చారు. ఇప్పుడు దానినే తొలి పారాలింపిక్స్‌గా పరిగణిస్తున్నారు.

ఈ బాట భారతదేశానికీ చేరింది. 1965 యుద్ధంలో తూటాలు తగిలి నడుము కింద చచ్చుబడిన సైనికుడు మురళీకాంత్ పేట్కర్ 1972లో ఈతలో స్వర్ణం గెలిచారు. పారాలింపిక్స్‌లో భారత్‌కు అదే తొలి స్వర్ణం. ఆ పోటీలకు వేదిక జర్మనీలోని హైడెల్‌బర్గ్. ఒకప్పుడు గుట్‌మన్‌ను తరిమిన దేశమే ఆయన నాటిన క్రీడోత్సవానికి ఆతిథ్యమిచ్చింది.

1966లో బ్రిటన్ ఆయనను సర్ బిరుదుతో గౌరవించింది. 1980 మార్చి 18న, 80 ఏళ్ల వయసులో గుట్‌మన్ కన్నుమూశారు. తెగిన వెన్నుపామును అతికించే మందు ఆయన కనిపెట్టలేదు. అది నేటికీ వైద్యశాస్త్రానికి అందలేదు. అయినా వెన్ను గాయంతో మంచాన పడిన మనిషిని వేళ తప్పకుండా పక్కకు తిప్పే ప్రతి నర్సు చేతిలో, ప్రతి తల్లి చేతిలో గుట్‌మన్ నేర్పిన వైద్యం ఉంది. బతకడని తేల్చి వివరాలు కూడా రాసుకోనివ్వని ఆ గని కార్మికుడికి దక్కనిది అదే.